ఈత బెల్లం

1980 నవంబర్ 13, గురువారం

పరితోష్ పోయి ఇవాళ్టికి ఐదు వారాలు. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఐదు వారాలు పట్టింది. హాస్పిటల్ ల్యాబ్‌లో రోజుకి వంద రిపోర్టులు రాసే చెయ్యే ఇది.

హైవే, వాన, ట్రక్కు. అంతకు మించి రాయను.

కృష్ణనగర్ నుంచి మరిది ఆశుతోష్ ఉత్తరం వచ్చింది. వాళ్ళమ్మకి ఇంకా చెప్పలేదట. ఆవిడ ఆగస్టులో గుండెనొప్పితో ఆస్పత్రిలో పడి లేచింది. ఇప్పుడీ మాట చెవిన పడితే తట్టుకోలేదని డాక్టరు అన్నాడట. అందుకని అన్నయ్య కుడిచెయ్యి విరిగింది, కట్టు కట్టారు, ఉత్తరాలు రాయలేడు అని చెప్పాడట. నన్నూ అదే రాయమన్నాడు. కొన్నాళ్ళే వదినా, అన్నాడు.

పెళ్ళయి ఐదేళ్ళు, ఆవిడ మొహం నేను చూడలేదు. నరసాపురం పాస్టరుగారి అమ్మాయిని, తెలుగుదాన్ని కొడుకు చేసుకున్నాడని ఆవిడ ఏడ్చిందో నవ్విందో కూడా నాకు తెలియదు. నాకు బెంగాలీ రాదు, ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఇద్దరికీ మధ్య ఉన్న ఒక్క మనిషీ పోయాడు.

నవంబర్ 15

రాశాను. చెయ్యి విరిగిందని. స్పెల్లింగులు సరిచూసుకుని మరీ పోస్ట్ చేశాను.

నవంబర్ 23, ఆదివారం

మీనాకి ఇవాళ నాలుగేళ్ళు నిండాయి. కేక్ వద్దంది.

"అమ్మా, పులి చెయ్యి. డాడీ చేసే పులి."

పులి అంటే జంతువు కాదు. బియ్యప్పిండితో చిన్న కజ్జికాయల్లా చుట్టి, లోపల కొబ్బరీ బెల్లం పెట్టి, పాలలో ఉడికిస్తారు. పులి పీఠే అంటారు వాళ్ళు. చలికాలం శనివారాలు నేను డ్యూటీకి వెళ్ళాక తండ్రీ కూతుళ్ళు చేసుకునేవాళ్ళు. నేను ఇంటికొచ్చేసరికి గిన్నెలు కడిగేసి ఉండేవి. మిషిగన్ జనవరిలో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉండేవి. ఆ వాసన నాకు పడదని.

"నాకు రాదమ్మా" అన్నాను.

"ఓకే. డాడీ వచ్చినప్పుడు" అంది.

దానికి చెప్పాను. మూడుసార్లు చెప్పాను.

1981 జనవరి 7, బుధవారం

శుభ్రా వచ్చింది. ఆన్ ఆర్బర్‌లో పరితోష్‌తో కలిసి చదివిన అమ్మాయి, ఇప్పుడు ట్రాయ్‌లో ఉంటుంది. ఏటా డిసెంబర్‌లో కలకత్తా వెళ్తుంది, జనవరిలో అత్తగారి పార్సిల్ తెస్తుంది. బెంగాలీ పేపరులో చుట్టిన రెండు బెల్లం అచ్చులు. పాటాలి అంటారు. చలికాలంలోనే దొరికే కొత్త బెల్లం.

కోటు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది. "ఆవిడ ఎదురుగా కూర్చుని, చెయ్యి నయమవుతోంది మాషీమా అని చెప్పాను. ఆవిడ నాకు పాయసం వండి పెట్టింది. ఇంకోసారి నా చేత ఈ పని చేయించకు."

వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అంది. "త్వరగా ఉత్తరం రాయి. ఖోకా తిన్నాడని తెలిసేదాకా ఆవిడ కొత్త బెల్లం ముట్టుకోదు. ఏటా అంతేగా, నీకు తెలుసుగా."

నాకు తెలియదు. ఖోకా అంటే బాబు అని మాత్రం తెలుసు. ముప్పై ఆరేళ్ళ బాబు.

జనవరి 8

ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. ఇక్కడైనా రాయకపోతే అది నన్ను తినేస్తుంది.

1976 జనవరి, పెళ్ళయిన మొదటి చలికాలం. మొదటి పార్సిల్ వచ్చింది. అప్పుడు ఒకటే అచ్చు. ఖేజూర్ బెల్లం అన్నాడు. ఖర్జూరం అనుకుని సంబరపడ్డాను. ఖర్జూరాలతో బెల్లం ఎలా చేస్తారు అని అడిగాను. పండ్లతో కాదు అని, కాగితం మీద చెట్టు బొమ్మ వేసి చూపించాడు. మాను పైన చెక్కి, సాయంత్రం కుండ కడతారట. తెల్లవారుజామున దించుతారట.

ఆ బొమ్మ చూడగానే నా ఒళ్ళు మండింది. అది ఈత చెట్టు. కుండ కట్టి దించేది కల్లు. మా చిన్నాన్న ఈతతోపులో తాగి తాగి అక్కడే ప్రాణం వదిలితే, మా నాన్న భుజాన వేసుకుని ఇంటికి మోసుకొచ్చాడు. ఆ తరవాత బాప్తిస్మానికి వచ్చిన ప్రతి మగాడి చేతా మా నాన్న ఈత చెట్టు పేరు, తాటి చెట్టు పేరు విడివిడిగా చెప్పించి మరీ ప్రమాణం చేయించేవాడు. ఆ చెట్టు నుంచి దిగింది ఏదీ మా గడప తొక్కలేదు.

"తెల్లారేలోపు దించితే అవి తియ్యటి నీళ్ళు, బొసొంతి. ఎండెక్కాకే కల్లు. ఎండెక్కకముందే కాచేస్తారు" అని చెప్తూనే ఉన్నాడు. వసంత అనడం అతనికి చివరిదాకా రాలేదు. నేను వినలేదు. బెల్లంలో పొగ వాసన, దాని కింద ఇంకేదో వాసన. నా ముక్కుకి అది చిన్నాన్న చొక్కా వాసన. ఛీ అన్నాను. అతను క్లాసుకి వెళ్ళాక ఆ అచ్చు తీసుకెళ్ళి వీధిలో చెత్తడబ్బాలో పడేసి వచ్చాను.

సాయంత్రం అలమర అంతా వెతికి, నా మొహం చూశాడు.

"పారేశావా?"

"పారేశాను."

"సరే" అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి ఏడు నుంచి రెండేసి అచ్చులు వచ్చేవి. ఎందుకు రెండని నేను అడగలేదు. అతను వాటిని గరాజ్‌లో పెట్టుకునేవాడు. కోటు వేసుకుని, అక్కడే నిలబడి, చాకుతో చెక్కుకుని తినేవాడు. వంటింటి తలుపు అద్దంలోంచి చూసి చూడనట్టు తిరిగేదాన్ని. నాలుగు చలికాలాలు ఆ మనిషిని చలిలో నిలబెట్టాను.

జనవరి 10

ఆయన తిన్నారు, చాలా బాగుందన్నారు అని రాశాను. అచ్చులు గరాజ్‌లో ఉన్నాయి. పేపరు కూడా విప్పలేదు.

ఫిబ్రవరి 2

ఆశు జవాబు. అమ్మ ఉత్తరం విని వెంటనే పాయసం చేసిందట, వాడంతా పంచిందట. "మంచి పని చేశావు వదినా" అని రాశాడు.

అబద్ధ సాక్ష్యం పలకరాదు అన్నది మా లూథరన్ లెక్కలో ఎనిమిదో ఆజ్ఞ. మీనా వయసుకే నాకు కంఠతా వచ్చు.

మే 18

ఏడు నెలలు చెయ్యి విరిగి ఉండదు కదా. అందుకని ఆశు, నేను కలిసి పరితోష్‌ని జర్మనీ పంపించాం. కంపెనీ ట్రైనింగ్. అక్కణ్ణుంచి ఉత్తరాలు కష్టం. డాక్టరు ఇంకో ఆర్నెల్లు ఆగమన్నాడు.

జులై 21

ల్యాబ్‌లో గడియారం చూసి, జర్మనీలో ఇప్పుడు సాయంత్రం అయి ఉంటుంది అనుకున్నాను. భోజనం చేశాడో లేదో అనుకున్నాను. ఆ తిండి పడుతుందో లేదో, స్వెటర్ తీసుకెళ్ళలేదు, అనుకున్నాను. చాలాసేపు అనుకున్నాను.

జులై 22

అక్కడ ఇప్పుడు ఎండాకాలమే. స్వెటర్ అక్కర్లేదు.

అక్టోబర్ 9

ఏడాది.

అక్టోబర్ 10, శనివారం

నవోమి అక్క వచ్చింది. పాలకొల్లు మనిషి, నర్సు. మా తెలుగు ప్రార్థన కూటం నెలకోసారి వాళ్ళింట్లోనే జరుగుతుంది. అతని బట్టలు సర్ది ఎవరికైనా ఇచ్చేద్దామని నేనే పిలిచాను. గరాజ్‌లో బెంగాలీ పేపరు పొట్లం కనపడితే విప్పి, వాసన చూసి, వెనక్కి దూకింది.

"ఏంటే వసంతా ఇది! కల్లుపాక వాసనొస్తంది! పాస్టరుగారమ్మాయి గరాజ్‌లో దుకాణం పెట్టిందా ఏంటి?"

నవ్వొచ్చింది. ఏడాది తరవాత నవ్వాను. నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడ్డాను. ఆ ఊపులో అక్కకి అంతా చెప్పేశాను, చెత్తడబ్బా సంగతి తప్ప. చెయ్యి, జర్మనీ, ఉత్తరాలు, అన్నీ.

అక్క నవ్వడం మానేసింది. "ఆవిడ తల్లి కదే. ఏడవనివ్వవేంటి ఆవిణ్ణి?"

"గుండె జబ్బక్కా. ఆగిపోతే?"

"హాస్పిటల్‌లో రోజూ చూస్తన్నాను నేను. పేషెంట్ దగ్గర దాచేవోళ్ళని. దాచింది ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తది, అప్పుడు ఏడవడానికి పక్కన ఎవళ్ళూ ఉండరు. ఆ ఏడుపు ఆవిడదే వసంతా. నువ్వు తెచ్చి గరాజ్‌లో పెట్టుకున్నావు."

నీకేం తెలుసు, నీ మొగుడు ఇంట్లో కూర్చుని ఫుట్‌బాల్ చూస్తున్నాడు అనేశాను. అక్క చొక్కాలు మడతపెట్టింది. ఒక్కటీ ఇవ్వలేదు చివరికి. అన్నీ మళ్ళీ అలమరలో పెట్టేశాను.

1982 జనవరి 9, శనివారం

శుభ్రా వచ్చింది. మళ్ళీ రెండు అచ్చులు. ఈసారి కూర్చుంది.

వచ్చే ఆదివారం పదిహేడో తారీకు పరితోష్ పుట్టినరోజు. ఆ రోజు పాయసం చెయ్యడం వాళ్ళ ఆనవాయితీ, బిడ్డ నిండా నూరేళ్ళు బతకాలని. పుట్టినరోజుకైనా జర్మనీ నుంచి ఇంటికి రాడా అని అత్తగారు అడిగిందట. వస్తాడమ్మా అనేశాడట ఆశు, నోరు ఊరుకోక. ఇంకేముంది, ఆవిడ తనే వెళ్ళి ఎదురింటి డాక్టరుగారి ఫోన్ నుంచి కాల్ బుక్ చేయించింది. మనకి ఉదయం తొమ్మిదింటికి.

"బెల్లం ముట్టలేదు. ఖోకా నోటితోనే వింటాను ఈసారి అంటోంది" అంది శుభ్రా.

జనవరి 16, శనివారం

ఫ్లైట్ లేటయింది, ఇంకా రాలేదు అని చెప్పాలి. జర్మనీలోనే బెల్లం అందింది, తిన్నాడు అని చెప్పాలి. నాకొచ్చిన బెంగాలీ అంతా నాలుగు మాటలు. చా అంటే టీ, దూధ్ అంటే పాలు, ఎసో అంటే రా, ఇంకోటి నేయి. నేయి అంటే లేదు అని. ఇంట్లో పాలు అయిపోతే దూధ్ నేయి అనేవాడు. నేను కావాలని నెయ్యి సీసా తెచ్చి ముందు పెట్టేదాన్ని.

శుభ్రాని పిలిచి, ఒక్క వాక్యం నేర్పమన్నాను. తల అడ్డంగా ఊపింది గానీ నేర్పింది. ఖోకా ఖేయేఛే. బాబు తిన్నాడు.

"చివర జాగ్రత్త. ఖేయేఛే అంటే అతను తిన్నాడు. ఖేయేఛి అంటే నేను తిన్నాను."

"మా భాషలో ఛీ అంటే వేరే" అన్నాను.

"ఏంటి?"

చెప్పలేదు. శుభ్రా నా చేత ఖేయేఛే, ఖేయేఛే అని పదిసార్లు అనిపించింది.

తరవాత నాకేం బుద్ధి పుట్టిందో, అతని డ్రాయర్‌లో ఉన్న బిస్కెట్ డబ్బా తెచ్చి శుభ్రా ముందు పెట్టాను. వాళ్ళమ్మ ఉత్తరాలు. రేపు మాట్లాడబోయే మనిషి ఎలాంటిదో తెలియాలి కదా. శుభ్రా అడుగు నుంచి తీసి చదవడం మొదలుపెట్టింది. మూడో దానికి ఆగి నవ్వింది. 1976 మార్చి.

చదువుతూ ఇంగ్లీషులో చెప్పింది. "నీ ఉత్తరం చూసి ఇంటిల్లిపాదీ పడి పడి నవ్వాం ఖోకా. బౌమా అచ్చంతా ఒక్కతే తినేసిందా! నీకు ముక్కయినా పెట్టలేదా! మా బెల్లం రుచి తెలిసిన పిల్ల దొరికింది, నాకింక దిగుల్లేదు. పై ఏడు నుంచి రెండు పంపుతాను. ఒకటి బౌమాది. దాంట్లో నువ్వు వేలు పెట్టావో, చూసుకో."

బౌమా అంటే కోడలు. నేను.

తరవాత ప్రతి చలికాలం ఉత్తరంలోనూ అదే ముక్క. ఈసారీ ఎకా ఖేయేఛే? ఈసారీ ఒక్కతే తినేసిందా? ఎకా అంటే ఒక్కత్తే అని శుభ్రా వివరించింది. ఇంట్లో అందరికీ అదో పరాచికం అయిపోయిందట. బౌమా ఎకా ఖేయేఛే.

చెత్తడబ్బాలో పారేసిన బెల్లం గురించి అతను రాసిన ఉత్తరానికి వాళ్ళమ్మ జవాబు అది. నన్ను ఏమీ అనకుండా, వాళ్ళమ్మని ఏమీ అననివ్వకుండా, నవ్వించి పంపాడు. నాకు మాటమాత్రం చెప్పలేదు. నా వాటా కూడా గరాజ్‌లో నిలబడి తనే తిన్నాడు, అబద్ధం బయటపడకుండా.

ఎంత చెడ్డదాన్ని. ఎంత మంచివాడివి. ఎందుకు చెప్పలేదు?

శుభ్రా వెళ్తానంది. ఇంకో ఉత్తరం చదవమన్నాను. ఇంకోటి. సాయంకాలం దాకా చదివించాను.

జనవరి 17, ఆదివారం

ఇంత చలి ఈ ఊరు వచ్చాక చూడలేదు. కారు స్టార్ట్ కాదు, ప్రార్థన కూటం లేదని నవోమి అక్క ఫోన్ చేసింది. అక్టోబర్‌లో నేనన్న మాటకి సారీ చెప్పాను. "ఇవాళే కదే కాల్? ప్రేయర్ చేస్తా, పెట్టెయ్" అంది.

తొమ్మిదీ ఇరవైకి మోగింది. ఆపరేటర్, గరగర, ఆపరేటర్. తరవాత ఒక ముసలి గొంతు, బావిలోంచి వచ్చినట్టు.

"బౌమా?"

ఆ గొంతు అతనిది. ఆడగొంతులో అతనిది. అది నేను అనుకోలేదు.

"మా" అన్నాను.

గబగబా ఏదో అంది. మీనా పేరు వినపడింది. తరవాత నెమ్మదిగా, నాకు అర్థం కావాలని ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. "ఖోకా... ఖేయేఛే?"

పొద్దుటి నుంచి స్టవ్ దగ్గరా, షవర్‌లోనూ అనుకుంటూనే ఉన్నాను. ఛే. ఛే. ఛే. నోరు తెరిచాను.

"ఖేయేఛి" అన్నాను.

నోరు జారిందో, నేనే అన్నానో నాకు తెలియదు. దేవుడి మీద ఒట్టు, తెలియదు.

అటువైపు గరగర. తరవాత నవ్వు. పెద్దగా, హాయిగా నవ్వింది. పక్కన ఎవరికో చెప్తోంది కూడా. మళ్ళీ ఫోన్‌లోకి వచ్చి, నన్ను ఆటపట్టిస్తూ, "ఎకా?" అంది.

ఒక్కత్తివేనా?

"ఎకా, మా" అన్నాను. ఏడుపు ఆగలేదు. "ఎకా. ఎకా."

నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"ఖోకా?" అంది.

"ఖోకా నేయి, మా."

అలా చెప్పాను. పాలు అయిపోయాయని చెప్పే మాటతో చెప్పాను. నా దగ్గర ఇంకో మాట లేదు.

ఫోన్ కట్ కాలేదు. గరగర వినపడుతూనే ఉంది. ఊపిరి వినపడింది, అది నాదో ఆవిడదో తెలియలేదు. ఆవిడ కేక పెట్టలేదు. "బౌమా" అంది ఒకసారి, చాలా మెల్లగా. తరవాత ఎవరో ఫోన్ తీసుకున్నారు, లైన్ పోయింది.

అతని కోటు వేసుకుని గరాజ్‌లోకి వెళ్ళాను. తిన్నానని చెప్పాక తినాలి కదా. చాకు పెడితే దిగలేదు, రాయిలా గడ్డకట్టింది. సుత్తితో కొట్టి ముక్క నోట్లో వేసుకున్నాను. మొదట చలి. తరవాత పొగ. ఆ తరవాత తీపి, మెల్లగా, చాలాసేపు. చిన్నాన్న ఎక్కడా లేడు అందులో.

మీనా తలుపు తెరిచి, ముక్కు ఎగబీల్చి, "డాడీ స్మెల్!" అంది. దానికో ముక్క పెట్టాను. మళ్ళీ చెయ్యి చాపింది.

జనవరి 31

ఇంకా ఉత్తరం లేదు. బతికే ఉందా?

ఫిబ్రవరి 19

బతికే ఉంది. ఆశు రాశాడు. అమ్మ నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. ఐదో రోజు అతన్ని పిలిచి, పదిహేను నెలలు నా బిడ్డని నాకు కాకుండా చేశావని చెంప పగలగొట్టిందట. ముప్పై మూడేళ్ళవాణ్ణి. తరవాత అతన్నే పట్టుకుని ఏడ్చిందట.

ఈ ఏడు బెల్లం ముట్టలేదట. సీజన్ అయిపోయింది.

1983 జనవరి 8, శనివారం

చాలా నెలలుగా ఈ పుస్తకం తియ్యలేదు. తియ్యాల్సిన అవసరం రాలేదు.

ఈ ఏడు పార్సిల్ రాదనుకున్నాను. ఎవరికని పంపుతుంది? శుభ్రా పొద్దున్నే వచ్చింది. రెండు అచ్చులు. ఒకటి నీది, ఒకటి మీనాదట అంది. దాంతో ఆశు చీటీ, ఇంగ్లీషులో రెండు ముక్కలు. "అమ్మ కొత్త బెల్లం ముట్టుకోవడం లేదు. వదిన తిన్నానని రాయాలంటోంది. ఇంగ్లీషులో రాస్తే చెల్లదట, నేను మార్చి చదువుతానని అనుమానం."

శుభ్రాకి టీ పెట్టాను. కిటికీలు మూసే ఉన్నాయి. బల్ల మీదే అచ్చు విరిచి, ఆవిడకో ముక్క, మీనాకో ముక్క పెట్టి, నేనూ తిన్నాను. మధ్యాహ్నం పులి చెయ్యాలి, పిండి నానబెట్టి ఉంచాను. వేడి పాలలో బెల్లం వేస్తే విరుగుతాయి, దించి చల్లారాక వెయ్యి, అని శుభ్రా చెప్పింది. ఆ సంగతి నరసాపురంలో పుట్టినవాళ్ళకి కూడా తెలుసమ్మా అన్నాను.

తరవాత ఏరోగ్రామ్ తీసుకుని, ఆ మాట బెంగాలీలో రాసి చూపించమన్నాను. శుభ్రా పేపరు అంచు మీద రాసింది. మూడే అక్షరాలు. చూసి చూసి, మీనా బడిలో దిద్దినట్టు దిద్దాను. కింద తెలుగులో వసంత అని సంతకం పెట్టాను.

అంటించే ముందు చివరి అక్షరం రెండుసార్లు సరిచూసుకున్నాను. ఛి.